నూకరాజు కెమెరాకు చీకటి పట్టిన గురువారం

ఇనుప గనుల పక్కనున్న మా బచేలి రైల్వే కాలనీలో నూకరాజు బాబాయి అంత నెమ్మదైన మనిషి లేడు. శ్రీకాకుళం జిల్లా నుంచి పంతొమ్మిదో ఏట వచ్చి పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరాడు. ఇరవై ఆరేళ్ళు ఇనుపరాయి రైళ్ళ కింది పట్టాలు చూసి చూసి కీమేను అయ్యాడు. రోజూ పొద్దున్నే సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని, వదులైన బోల్టులు బిగించుకుంటూ ఆరు కిలోమీటర్లు పోయి, ఆరు తిరిగి వస్తాడు. ఆ నడకంతా ఒకే వైపు నడిచి ఉంటే ఈపాటికి చంద్రుడి మీద పట్టాలు బిగించి, అన్నం వేళకు ఇల్లు చేరేవాడు. ఈ లెక్క నేనే కట్టాను. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ లెక్కలు వదల్లేదు.

బాబాయికి రాత సరిగా రాదు. అందుకని బిగించిన ప్రతి పట్టాల అతుకు మీదా తడిపిన ఎర్రమట్టితో వేలిబొట్టు పెడతాడు. బొట్టు ఉందంటే చూసినట్టు. విశాఖలో ఉన్న బావమరిది తన పాత డిజిటల్ కెమెరా ఇచ్చినప్పటి నుంచి, నడకలో ఆఖరి అతుకును బొట్టుతో సహా ఫోటో తీయడం కూడా మొదలుపెట్టాడు. దాని తెర చిన్న తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. కాలనీ పిల్లలు దాన్ని కిటికీ కెమెరా అనేవారు.

ఆ వారం మంగళవారం రాత్రి పెద్ద వాన పడింది. బుధవారం తనిఖీకి వచ్చినవాళ్ళకు ఆ ఆఖరి అతుకులో రెండు బోల్టులు వదులుగా కనిపించాయి. రాత్రి రైళ్ళ అదురుకు బోల్టులు వదులవడం మామూలే, కానీ బొట్టు వానకు కొట్టుకుపోయింది. "కీమేను మంగళవారం అసలు నడవలేదు" అని రాసేశారు. విచారణకు గురువారం పన్నెండింటికి జగదల్‌పూర్ నుంచి ఆఫీసరు వస్తున్నాడు. సాక్ష్యం చూపించకపోతే ఉద్యోగం పోతుంది, దాంతో క్వార్టరూ పోతుంది.

సాక్ష్యం కెమెరాలో ఉంది. కెమెరా తెర నల్లగా ఉంది.

ఆ నలుపు నా చేతి చలవే. మా ఊళ్ళో ఇనుపధూళి దూరని వస్తువు లేదు. పాడైన స్పీకర్ల అయస్కాంతం ముక్కలు తీసి కిటికీకి, మిక్సీకి, బియ్యం డబ్బాకి అంటించుకుంటాం. ధూళి దానికి పడుతుంది, వస్తువు బతుకుతుంది. మంగళవారం సాయంత్రం బాబాయి కెమెరాకు కూడా, తెర మడతబందు పక్కనే, ఒక మంచి ముక్క జిగురుతో అంటించి, "ఇక నూరేళ్ళు ఢోకా లేదు" అని వీపు తట్టి వచ్చాను. మూత పడిందో లేదో ఆ తెర తెలుసుకునేది లోపలున్న అయస్కాంతంతోనేనని, బయట ఇంకోటి అంటిస్తే మూసి ఉందనుకుని ఆరిపోతుందని ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.

గురువారం పదకొండు గంటలకు బాబాయి ఇంట్లో ఆయన, ఆయన భార్య వరహాలమ్మ పిన్ని, నేను ఉన్నాం. ఆ రోజు ఊళ్ళో బంద్ కావడంతో ఫోటో స్టూడియో మూసేశారు. కెమెరాలో కార్డు లేదు, ఫోటోలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. కంప్యూటరుకు తగిలించే తీగ విశాఖలోనే ఉండిపోయింది.

మీట నొక్కితే లెన్సు బయటికొచ్చింది, చిన్న దీపం వెలిగింది, టిక్కున శబ్దమూ అయింది. తెర మాత్రం చీకటి.

"పేణం ఉంది, సూపు లేదు" అన్నాడు బాబాయి.

"నేనున్నాను కదా బాబాయ్! నేను బాగుచేసిన రేడియో గట్టిగా పెడితే అంత దూరాన గీదం సంతలో వినిపించి, కూరలమ్మేవాళ్ళు తూకం మరిచిపోయారు."

"ఆ రేడియో మాదే. ఇప్పటికీ పలకదు" అంది వరహాలమ్మ పిన్ని.

బ్యాటరీ తీశాను, ఎండలో పెట్టాను, చొక్కాతో తుడిచి మళ్ళీ వేశాను. ఏం మారలేదు. తెర మూసి తెరిచాను. ఏం లేదు. పదకొండున్నర అయింది.

"తెర లేకపోయినా మీటలు నాకు కంఠతా వచ్చు. గుడ్డిగా నొక్కి తెర వెలిగించేస్తాను" అన్నాను.

బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు స్పానరు తిప్పిన చెయ్యి. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"సెరిపే మీట కూడా అక్కడే ఉన్నాది. ఫోటో పోనాదంటే నాకేటి మిగుల్తాదిరా?"

చెయ్యి తీసేశాను. బయట పట్టాల మీద ట్రాలీ బండి హారను వినపడింది. ఆఫీసరు ముందే వచ్చేశాడు.

పిన్ని కెమెరా లాక్కుని, "మడతబందులో ధూళి పట్టింది, అంతే" అని జడలోంచి పిన్ను తీసి గోకబోయింది. పిన్ను చెయ్యి జారి, ఎగిరి అయస్కాంతానికి అతుక్కుంది.

"ఇదేటి అంటించావురా, బంగారూ?"

"ధూళికి పిన్నీ, రక్షణకి..."

"నీ రక్షణ తగలెయ్య!"

పిన్ను ఊడదీయబోతే జిగురు ముక్కతో సహా అయస్కాంతం ఊడి వచ్చింది. తెర భగ్గున వెలిగింది. పిన్ని ముక్కను మళ్ళీ దగ్గర పెట్టింది. చీకటి. తీసింది. వెలుగు. రెండోసారి కూడా చూసుకుని, ఆ ముక్కను కిటికీలోంచి ఎంత దూరం విసిరిందంటే, పక్క ఊరు కిరండూల్ స్టేషన్లో ఎవరి నెత్తినో పడే ఉంటుంది.

బాబాయి కెమెరాను పసిపిల్లలా రెండు చేతుల్లో పట్టుకుని స్టేషన్‌కు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

ఆఫీసరు ఫోటో చూశాడు. నాలుగు బోల్టులూ బిగిసి ఉన్నాయి, మీద ఎర్రబొట్టు. కింద మంగళవారం తేదీ. అంతలో తెర మీద కెమెరా, గడియారం సరిచేయమంటూ, జనవరి ఒకటి అని మిణుకుమంది. నేను బ్యాటరీ తీసిన ఫలితం.

"తారీఖ్ కా క్యా భరోసా?" అన్నాడాయన. తేదీ ఎవరైనా మార్చుకోవచ్చు కదా అని.

బాబాయి తెర మీదికి వేలు చూపించాడు.

"సాబ్, ఎనకాల సూడండి" అన్నాడు, అతి నెమ్మదిగా.

ఆఫీసరు ఫోటోను పెద్దది చేశాడు. అతుకు వెనక, పక్క లైన్లో ఆగి ఉన్న ఖనిజం రైలు ఇంజను, దాని మీద నంబరు. స్టేషన్ మాస్టరును పిలిచి రిజిస్టరు తెప్పించాడు. ఆ నెలలో ఆ ఇంజను ఆ లైన్లో ఆగింది ఒక్క మంగళవారమే, పొద్దున తొమ్మిదింటికి, నలభై నిమిషాలు. ఆ తర్వాత ఘాటు దిగి విశాఖ వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు.

ఆయన క్షమాపణ చెప్పలేదు. కాగితం మీద "నడవలేదు" అన్న వాక్యం కొట్టేసి, కింద నాలుగు ముక్కలు రాసి, నూకరాజు వైపు తోశాడు.

"సంతకం చెయ్. రేపటి నుంచి డ్యూటీ."

బాబాయి కలం తీసుకున్నాడు. మొదటిసారి "నూ" దగ్గరే కలం జారిపోయింది. రెండోసారి గీత కాగితం దాటి బల్ల మీదకు పోయింది. ఆఫీసరు తన కాగితాల మీద మోచెయ్యి ఆనించి ఎదురుచూశాడు.

మూడోసారికి సంతకం కుదిరింది.