లాభానికి గీత లేదు

1983 వేసవిలో నన్ను వరంగల్ గోడౌన్‌కు మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా వేశారు. ఊరూరా ఎగ్జిబిషన్లలో ఆటల స్టాళ్ళు పెట్టడం మా కంపెనీ పని. నా పైన ఫోర్‌మన్ ఉండాలి, ఆ కుర్చీ ఖాళీ. ఆ పైన మేనేజర్. అంటే తప్పయితే నాది, ఒప్పయితే ఆయనది.

గోడౌన్ మూలన ఒక బంతుల మిషన్ పడి ఉండేది. అద్దం కింద ఉక్కు బంతి దొర్లుతుంది, గుంజలకు తగిలితే దీపాలు వెలిగి మార్కులు చూపిస్తాయి. వయసులో నాకంటే నాలుగేళ్ళే చిన్నది. తయారుచేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. మార్కులు లెక్కగట్టే పళ్ళ చక్రం ఎవరు ఊడదీశారో, ఎక్కడ పోయిందో తెలియదు. మేనేజర్ దాన్ని కండెమ్ చేస్తానన్నారు. పనికిరాదని రిజిస్టర్లో రాసి తుక్కు లారీ ఎక్కించడాన్ని మా భాషలో కండెమ్ అంటారు.

"ఇది విలాయతి మాల్. పార్టు దొరకది. నీ చేతుల అయ్యేది కాదు," అన్నారు.

ఆ చివరి మాట అనకపోతే నేను ఊరుకునేవాణ్ణేమో.

పది రోజులడిగాను. మూడన్నారు. అయిదుకు తెగింది. "దాని మీద ఆదివారం కొసరు ఇయ్యుండ్రి సార్," అన్నాను. కేసముద్రం మార్కెట్ యార్డు పక్కన మా నాయన కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి; దవాఖానలో మందు గోలీలకు కూడా కొసరు అడిగే రకం. మేనేజర్ నవ్వి ఒప్పుకొని, మరి కాకపోతే ఏం చేస్తావన్నారు.

"ఫిట్టర్ అన్న మాట ఇడిసిపెట్టి గేటు కాడ టికెట్లు చింపుత," అన్నాను.

గోడౌన్ మొత్తం విన్నది. బేరంలో నోరు జారడం మా ఇంట్లో నాతోనే మొదలు.

ఆ యంత్రం పనిచేసే తీరు ఇది. బంతి తగిలిన ప్రతిసారీ కరెంటు కాయిల్ ఒక కొక్కేన్ని లాగుతుంది. కొక్కెం చక్రాన్ని ఒక పన్ను జరుపుతుంది. చక్రానికి బిగించిన ఇత్తడి నాలుక ఒక రివెట్ మీది నుంచి పక్క రివెట్ మీదికి పోతుంది, దాని దీపం వెలుగుతుంది. రివెట్లు గుండ్రటి పలక మీద చుట్టూ ఉంటాయి. చక్రం పోయినా పలక ఉంది కనుక, ఎన్ని రివెట్లో అన్ని పళ్ళు. ఇంత సులువు లెక్క.

పలక పట్టుకొని కాజీపేటలో జోసెఫన్న లేత్ షాపుకు పోయాను. నాకంటే పదేళ్ళు పెద్ద, చేతిలో మంచి పని, నోట్లో ఎప్పుడూ వెక్కిరింపు. నన్ను సావుకారీ అనేవాడు. నేను రివెట్లు ఒక్కొక్కటి వేలితో తడుముతూ లెక్క పిలిచాను, ఆయన గోడ మీద సుద్దతో అంకెకొక గీత గీశాడు. తర్వాత గీతలు లెక్కపెట్టి ఇరవై ఒకటి అన్నాడు.

చక్రానికి పళ్ళు కోయాలంటే దాని చుట్టుకొలత అంత కాగితం పట్టీ తీసుకొని, సమానంగా మడిచి, అంచుకు అతికించి, మడత మడతకు పంచ్ దెబ్బ వేయాలి. ఆ గుర్తుల దగ్గర ఆకురాయితో పన్ను తీయాలి. ఇరవై ఒకటికి కాగితం సరిగా మడతపడదు. జోసెఫన్న ఒక పూటంతా తిప్పలు పడ్డాడు.

"ఇరవై ఒకటి ఎవడు వెడతడు సావుకారీ? వానికేమన్న తిక్కనా?"

"మా వినాయకుని పత్రి ఇరవై ఒకటే అన్నా. ఆ లెక్క విలాయతోళ్ళకు గూడ ఎరుకైనట్టుంది," అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం చక్రం బిగించాం. మొదటి దెబ్బకు ఒకటి వెలిగింది, రెండో దెబ్బకు రెండు. మూడో దెబ్బకు నాలుక రెండు రివెట్ల నడుమ ఆగి దీపం ఆరిపోయింది. ఆరో దెబ్బకు మళ్ళీ వెలిగింది, కాని వెలిగింది ఏడో అంకె. స్ప్రింగు మార్చాను, కాయిల్ మార్చాను, చివరికి జోసెఫన్నను పట్టుకున్నాను.

"నువ్వు పండ్లు తప్పు కోసినవన్నా."

"గీతలు ఇంక గోడ మీదనే ఉన్నయ్. నీ నోటితోని మళ్ల పిలువు, సూద్దాం."

పిలిచాను. "లాభం, రెండు, మూడు..." పది దాకా పోయి, మళ్ళీ "లాభం, రెండు..."

"ఆగాగు. లాభం అంటే ఏంది?"

"ఒకటి."

"ఒకటైతే ఒకటి అనాలె గదరా! నువ్వు పని మొదలువెట్టేటప్పుడు దండం వెట్టుకుంటున్నవనుకున్న. దండానికి గీత గీస్తరా ఎవరన్న?"

మా దుకాణంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. పదికొకసారి మళ్ళీ లాభం నుంచి మొదలు. పిలిచేవాడికి మొత్తంతో పనిలేదు, అది గీతలు గీసేవాడు చూసుకుంటాడు. రివెట్లు ఇరవై నాలుగు. మూడు లాభాలు మింగి నేను మూడు పళ్ళు నష్టపోయాను.

మిగిలింది కొసరు ఆదివారం. ఆదివారం జోసెఫన్న ఆకురాయి ముట్టడు. ఈ ఒక్కసారికి, ప్రార్థన అయినంక వస్తానన్నాడు. చర్చి నుంచి తెల్లచొక్కా మీదనే వచ్చాడు. ఇరవై నాలుగుకు కాగితం సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి, ఆపైన మూడుకు చక్కగా మడతపడింది. మడతపడుతున్నంతసేపూ ఆయన వినాయకుని పత్రి సంగతి అడుగుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున తుక్కు లారీ గేటు ముందుంది. మేనేజర్ బంతి వదిలారు. ఇరవై నాలుగు దీపాలూ వరసగా వెలిగి, చక్రం తిరిగి మొదటికొచ్చింది. ఇంకోసారి ఆడారు. మూడోసారి ఆడింది పరీక్షకు కాదనుకుంటాను. లారీ ఖాళీగా పోయింది.

తర్వాత ఆయన రిజిస్టర్ తెరిచి "విదేశీ విడిభాగం అమర్చబడినది" అని రాసి, సంతకం పెట్టమన్నారు. నేను పెట్టనన్నాను. కాజీపేటలో కోసిన చక్రం అని రాస్తేనే పెడతానన్నాను.

"హెడ్డాఫీసోళ్ళు నవ్వుతరయ్యా."

"నవ్వనియ్యుండ్రి సార్. మన స్టాల్లకు జనం వచ్చేదే నవ్వెటందుకు."

కాజీపేట పేరు తీసేసి "స్థానికంగా" అని రాస్తానన్నారు. సగం దగ్గర తెగడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ రోజు తెగలేదు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాను. ఆయన రాసింది కొట్టేసి నేను చెప్పినట్టే రాశారు. రిటైరయ్యేదాకా నేను చేసిన ప్రతి పార్టుకూ కోసిన ఊరు పేరు రిజిస్టర్లో పడింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. లేని పార్టు చేయాలంటే ముందు ఉన్నదాన్ని లెక్కపెట్టాలి, లెక్కపెట్టాక అదే లెక్కను ఎదుటివాడితో మొదటి నుంచి మళ్ళీ పెట్టించాలి. వర్క్‌షాపులో ఆ తర్వాత ఎప్పుడూ ఒకటిని ఒకటే అన్నాను. ఇంట్లో బియ్యం కొలిస్తే మాత్రం ఇప్పటికీ లాభమే.