పౌడర్ చాటున చెమట

2022 డిసెంబరు. సికింద్రాబాద్‌లో చిలకలగూడకు దగ్గర్లోని ఓ ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను ట్రయాజ్ నర్సుని. ట్రయాజ్ అంటే వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో తేల్చడం. ఎర్ర బ్యాండ్ వేస్తే ఆ క్షణమే లోపలికి, పసుపయితే కాసేపట్లో, పచ్చయితే ఆగొచ్చు. అప్పటికి పద్నాలుగేళ్లుగా అదే పని. గుమ్మంలో అడుగు పెట్టగానే మనిషిని చూసి రంగు చెప్పేయగలనని కాస్త పొగరు కూడా ఉండేది.

ఓ ఆదివారం పొద్దున్న బండి మీంచి పడ్డ కుర్రాణ్ణి మోసుకొచ్చారు. తల చిట్లి చొక్కా నిండా రక్తం, ఒకటే కేకలు. సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. డెబ్బై ఏళ్లావిడ దిగింది. గంజి పెట్టిన తెల్ల చీర, భుజాన పిన్ను, జిప్పు సంచీలో బైబిలు, ముఖానికి నున్నగా అద్దిన పౌడర్. చర్చికి బయల్దేరిన మనిషని చూడగానే తెలిసిపోతోంది. మా అమ్మ కూడా ఆదివారం అచ్చం అలాగే తయారయ్యేది.

ఆవిడ వెనకే ఆటో డ్రైవర్. ఖాకీ చొక్కాకు గుండీల్లేవు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలకు గుట్కా మరకలు. వస్తూనే అరుపు.

"మేడం! టీచరమ్మకు మంచిగ లేదు, జెల్ది చూడుండ్రి!"

"అరవకు యాదగిరీ," అని ఆవిడ నా వైపు తిరిగి నవ్వింది. "నాకేం లేదమ్మాయ్. పొట్టలో మంట, కాస్త గ్యాస్ పట్టేసింది. ముందు ఆ కుర్రాణ్ణి చూడండి, పాపం."

పేరు ఎస్తేరు అని, ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యానని, షుగర్ ఉందని చెప్పింది. నేను గుంటూరులో అలాంటి తెల్లచీర టీచర్ల దగ్గరే చదువుకున్నాను. వాళ్లు చెప్పిందానికి ఎదురడగడం తెలియని పెంపకం మాది. టీచర్ గ్యాస్ అంటే నేనూ గ్యాస్ అనే రాసుకున్నాను. బీపీ, నాడి చూడకుండా రంగు వేయకూడదన్నది రూలు. ఆ రక్తం హడావుడిలో తర్వాత చూద్దాంలే అనుకుని, పచ్చ బ్యాండ్ ఆవిడ చేతికిచ్చి కుర్చీ చూపించాను.

యాదగిరి కదల్లేదు. "మేడం, జెర నా మాటినుండ్రి."

"తాగొచ్చి గొడవ చేస్తున్నావా? బయటికి నడు!" అని సెక్యూరిటీని పిలిచాను.

అతను తలుపు పట్టుకుని ఆగాడు. "తాగలే మేడం. ఆరేండ్ల సంది ప్రతి ఐతారం నేనే చర్చికి తీస్కపోతున్న. బోయిగూడల ఎక్కిందంటే దిగేదాంక పాట పాడుతనే ఉంటది. ఇయ్యాల ఒక్క పాట సుత పాడలే. అద్దంల చూస్తే గిట్ల దవడ పట్టుకోని కూసున్నది. గందుకే అడగకుంటనే బండి ఇటు తిప్పిన."

దవడ అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. గుండెపోటంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకుంటారు చాలామంది. షుగర్ ఉన్న పెద్దవయసు ఆడవాళ్లకు అది దవడ లాగుడుగా, పొట్టలో మంటగా కూడా రావచ్చు. కొత్తగా చేరిన నర్సులకు ఈ పాఠం చెప్పేది నేనే!

పరుగున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. దగ్గర్నుంచి చూస్తే చెవి పక్కన పౌడర్ చెమటకు చారలు కట్టింది. దూదితో తుడిచాను. కింద ముఖం బూడిద రంగులో ఉంది.

"టీచర్, దవడ నొప్పి ఎప్పట్నుంచి?"

"తెల్లారినప్పట్నుంచి లాగుతోంది. పన్నేమో అనుకున్నా. ఆదివారం పూట అందరినీ కంగారు పెట్టడమెందుకని..."

గుండె తీరును గీతలుగా చూపే ఈసీజీ తీశాం. గీతలో ఎస్టీ అనే భాగం పైకి లేచి ఉంది. గుండెకు రక్తం వెళ్లే దారి మూసుకుపోయిందన్నమాట. డ్యూటీ డాక్టర్ వెంటనే క్యాథ్ ల్యాబ్‌కు, అంటే ఆ దారిని సన్నటి తీగతో తెరిచే గదికి, కబురు చేశారు. లిఫ్ట్ దాకా వెళ్లేలోపే ఆవిడకు స్పృహ తప్పింది. పక్కనే డాక్టర్ ఉండబట్టి మందు ఎక్కించి వెనక్కి తెచ్చుకున్నాం. పచ్చ బ్యాండుతో అదే కుర్చీలో ఉండి ఉంటే?

గంటన్నర తర్వాత స్టెంట్ వేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పారు. బయటికి పరిగెత్తాను. మెట్ల మీద యాదగిరి బైబిలు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"గండం గడిచిందన్నా. టీచర్ బాగున్నారు."

కళ్లు తుడుచుకుని లేచాడు. "ఇప్పుడు లోపలికి రావొచ్చా మేడం?"

సిగ్గుతో చచ్చిపోయాను. మంచినీళ్లిస్తూ దగ్గర్నుంచి ఆ కళ్లు చూశాను. ఎండలో, దుమ్ములో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకు కంటి కొసన పెరిగే ఎర్రటి పొర అది. నర్సుగా అది నాకు తెలియాల్సిందే.

"తప్పయింది. మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"గదేం లే మేడం. అందరు గట్లనే అనుకుంటరు."

జరిగింది ఉన్నదున్నట్టు రాసి మా ఇన్‌ఛార్జికిచ్చాను. మూడో రోజు టీచర్ దగ్గరికెళ్లి కూడా ఒప్పుకున్నాను.

"స్టెప్పులు వదిలేసి ఆన్సర్ రాశావన్నమాట. మార్కులు కట్," అందావిడ. మళ్లీ తనే నవ్వేసింది. "లెక్క తప్పుగా ఇచ్చింది నేనే కదా! పైన పటారం, లోన లొటారం అంటే నేనేనమ్మాయ్."

డిశ్చార్జి రోజున యాదగిరి ఆటోలోనే ఇంటికి బయల్దేరింది, ముఖానికి మళ్లీ పౌడరుతో. గేటు దగ్గర సన్నగా పాట వినిపించింది. యాదగిరి తల బయటికి పెట్టి, "ఇన్నరా మేడం?" అని అరిచాడు. నవ్వుతూ చెయ్యూపాను గానీ కళ్లు నిండిపోయాయి.

ఇప్పుడు నేను చెయ్యి పట్టుకుని నాడి చూడనిదే ఎవరికీ రంగు వేయను. వెంట వచ్చిన మనిషి ఎవరైనా, ఎలా ఉన్నా, ముందు కూర్చోబెట్టి ఒకటే అడుగుతాను: "రోజూలా కాకుండా ఇవాళ మీకేం తేడా కనిపించిందండీ?"