పంటిలో లేని నొప్పి

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్గొండలో ఒక పంటి డాక్టరు దగ్గర పనికి కుదిరాను. చదువు పూర్తయి ఏడాది కూడా కాలేదు. క్లినిక్ ఒక మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉండేది. మెట్లు ఇరుకు, నిటారు. మా సారుకు అరవై దాటాయి. మనిషి ఎలా నడిచి వచ్చాడు, ముఖం రెండు వైపులా ఒకేలా ఉందా, దవడ కింద గడ్డలేమైనా తగులుతున్నాయా, ఇవన్నీ చూశాకే ఆయన నోరు తెరవమనేవారు. నాకు అదంతా చాదస్తంలా తోచేది. పన్ను నొస్తోందని వచ్చినవాళ్ళకు పన్ను చూస్తే సరిపోదా అనుకునేదాన్ని.

ఆ రోజు సారు లోపలి గదిలో ఒక ముసలాయనకు పళ్ళ సెట్టు కొలతలు తీస్తున్నారు. బయటి గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎడమ దవడను అరచేత్తో అదిమిపట్టుకుని ఒకామె మెట్లెక్కి వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. పత్తి ఏరే కూలికి పోతుందట. కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఏడ నొస్తాందమ్మా?"

"గీడనే బిడ్డా, కింది పండ్లల్ల. నెల దినాలసంది పానం తీస్తాంది. పీకెయ్యి, నీకు దండం పెడత."

నోట్లో అద్దం పెట్టి చూశాను. ఫ్లోరైడున్న ఆ జిల్లా నీళ్ళు తాగి పెరిగినవాళ్ళందరికీ ఉన్నట్టే ఆమె పళ్ళ మీదా గోధుమరంగు చారలు. వెనక దవడపన్ను దగ్గర చిగురు కొంచెం కిందికి దిగింది. పుచ్చు లేదు. అద్దం పిడితో ఆ పన్ను మీద తట్టాను. పక్కదాని మీదా తట్టాను. "అంతట ఒక్కతీర్గనే ఉంది" అంది. దూదికి చల్లని మందు పట్టించి ఆనిస్తే అన్ని పళ్ళూ ఒకేలా జివ్వుమన్నాయి. ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఎముక కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. నిజానికి ఏ పరీక్షా ఆ పన్ను మీద నేరం మోపలేదు. కానీ ఆమె వేలు దాన్నే చూపిస్తోంది, నాకొక కారణం కావాలి, ఆ తగ్గిన ఎముకను కారణం చేసుకున్నాను. చీటీ మీద 'తీసివేత' అని రాసి, మత్తు సూది నింపాను.

కుర్చీని వెనక్కి వాల్చాను. ఆమె పైపెదవి మీద చెమట పట్టింది. సూదిని చూసి భయపడిందనుకున్నాను.

అప్పుడే సారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ఆమె ముఖం చూసి ఆగిపోయారు. నా చేతిలోని సూది తీసి పళ్ళెంలో పెట్టారు. కుర్చీ పైకి లేపి, ఆమె నుదుటి మీద చెయ్యి వేశారు.

"అమ్మా, గీ నొప్పి ఎప్పుడెప్పుడు లేస్తది?"

"పత్తి మూట నెత్తికెత్తుకుంటే లేస్తది సారూ. జరసేపు కూసుంటే సల్లవడ్తది."

"బువ్వ తింటప్పుడు?"

"తింటె ఏం గాదు."

"ఇయ్యాల?"

"మీ మెట్లెక్కుతుంటే లేసింది. గిప్పుడు మల్ల మెల్లగ మొదలైతాంది. ఛాతీల గూడ బరువు పెట్టినట్టున్నది."

సారు మణికట్టు పట్టుకుని నాడి చూశారు. నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "పన్ను గాదమ్మా. గుండె."

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. గుండె నొప్పి ఎడమ దవడలోకి పాకుతుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది ఇలా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కొంగుతో చెమట తుడుచుకుంటూ వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను నింపిన మత్తుమందులో గుండె వేగాన్ని పెంచే మందు కూడా కలిసి ఉంది. పళ్ళెంలో ఉన్న ఆ సూదిలోని మందును సింకులో పారబోశాను.

సారు కింది దుకాణం నుంచి ఆస్ప్రిన్ తెప్పించి నమిలించారు. ఆమెను మెట్లు దిగనివ్వలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దుకాణంలో పనిచేసేవాళ్ళిద్దరు మోసుకుంటూ దించారు. "పంటినొప్పికి గింత ఆగమెందుకు సారూ" అని ఆమె దారంతా మొత్తుకుంది. ఆటోలో పక్కన నేను కూర్చున్నాను. దవాఖానలో ఈసీజీ కాగితం చూసిన డాక్టరు ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. ఆ సాయంత్రమే ఆమెను హైదరాబాదు పంపించారు.

నేను ఆటోలో తిరిగి వస్తున్నాను. గడియార స్తంభం చౌరస్తా దగ్గర బండ్లు ఆగిపోయాయి. అక్కడ నాకు మా నాన్న, మా బాపు గుర్తుకొచ్చాడు.

మా ఊరు కొత్తకోట దగ్గర. బాపు ఒక రైసుమిల్లులో కాపలా పనికి సైకిల్ మీద పోయేవాడు. నేను ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు ఎండాకాలంలో ఒకరోజు ఫోను చేశాడు. ఎడమ దిక్కు కింది పన్ను నొస్తోందన్నాడు. నేను హాస్టల్ వరండాలో నిలబడి, డాక్టరునవుతున్నానన్న గర్వంతో, "ఊకె ఓర్సుకోకు బాపూ, తీపిచ్చుకో" అన్నాను. తీయించుకున్నాడు. నాలుగు రోజులకు మళ్ళీ చేశాడు.

"పన్ను తీసిండ్రు బిడ్డా. అయినా నొప్పి పోతలేదు."

"పుండు మానాలె గద బాపూ. పది దినాలు పడ్తది."

పది రోజులు పట్టలేదు. హైవే మీది వంతెన ఎక్కుతూ సైకిల్‌తో సహా పడిపోయాడు. వడదెబ్బ అన్నారు. మేమూ అదే నమ్మాం.

ఆటో కదిలింది. "మేడమ్, యాడ దిగుతరు?" అని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. క్లినిక్ దాటి చాలా దూరం పోయాక దిగి, ఎండలో నడిచి వెనక్కి వచ్చాను.

ఆదివారం ఊరికి పోయాను. అమ్మ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని అడిగాను.

"అమ్మా, బాపుకు పన్ను ఎప్పుడెప్పుడు నొచ్చేది?"

అమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "వంతెన ఎక్కేటప్పుడు. సైకిల్ దిగి నిలవడితే తగ్గుతదనేటోడు. గట్లెందుకు అడుగుతున్నవ్?"

చెప్పాను. నల్గొండలో వచ్చినామె సంగతి, నేను నింపిన సూది సంగతి, ఫోనులో నేనన్న మాట, అన్నీ చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. నన్ను తిడుతుందనుకున్నాను, లేదా నీ తప్పేముంది బిడ్డా అని దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. రెండూ చేయలేదు. చింతపండు చాట అలాగే వదిలి లోపలికి పోయింది.

సాయంత్రం నా బస్సు వేళకు బయటికి వచ్చి, "ఆ ఆడామె బతికిందా?" అంది.

"బతికింది. గుండె నరానికి స్టెంట్ ఏసిండ్రట."

"మంచిగైంది" అంది. చింతపండు చాట ఎత్తి పక్కన పెడుతూ, "నాకు గూడ బిందె ఎత్తుకుంటె ఆయాసమొస్తాంది. రెండేండ్లసంది" అంది.

బాపు పోయినప్పటి నుంచి ప్రతి వారం ఫోనులో మాట్లాడుతున్నాను. ఒక్కసారి కూడా ఈ మాట రాలేదు.

"మరి చెప్పలేదేందమ్మా?"

"నువ్వడిగితివా?"

ఆ బస్సు వదిలేశాను. మర్నాడు పొద్దున అమ్మను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ దవాఖానకు పోయాను. గుండెలో ఏమీ లేదు, రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. మాత్రలు రాసిచ్చారు. తిరుగు బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మాత్రం కొత్తకోట వచ్చేదాకా ఆమె శ్వాసను లెక్కపెడుతూనే ఉన్నాను.