చారల బాతు బోణీ

వినాయక చవితి పందిళ్ళు విప్పేసరికి మా పక్షుల వాట్సాప్ గ్రూపుకి ప్రాణం లేచొస్తుంది. ఎండాకాలమంతా అందులో గులాబీ పువ్వుల శుభోదయాలు, మోకాలి నొప్పికి మెంతి వైద్యాలు, ఎవరి మనవరాలికో పుట్టినరోజు దీవెనలు. పక్షి మచ్చుకైనా ఉండదు. సెప్టెంబరులో ఎవరో ఒకరు బస్టాండు వెనకాల బురదలో తోకాడించే కాటుక పిట్టని చూశామని పెడతారు. అంతే, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చెదిరి ఉన్న ముప్ఫై మందిమీ ఒక్క దెబ్బతో పక్షి శాస్త్రవేత్తలమైపోతాం. ఆ ముప్ఫై మందిలో తెల్లారి లేచి చెరువు దాకా వెళ్ళేది నలుగురో ఐదుగురో. మిగతావాళ్ళం దుప్పట్లోంచే చప్పట్ల బొమ్మలు పెట్టి శాస్త్రానికి సేవ చేస్తాం.

గ్రూపు పెట్టింది మా మాస్టారు. గజపతినగరం దగ్గర మా ఊళ్ళోనే సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఎనిమిదో తరగతిలో నాకు కప్ప గుండె బొమ్మ నేర్పడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. చివరికి "ఒరే, నీ కప్ప బతకదురా" అని వదిలేశారు. ఆ మనిషే నలభై దాటిన నన్ను పట్టుకొచ్చి గ్రూపులో పడేశారు. ఎందుకంటే నేను మండలాఫీసులో గుమాస్తాని, నాకు బోలెడు తీరిక ఉంటుందని ఆయన నమ్మకం. నిజమే అనుకోండి.

గ్రూపుకి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఆ చలికాలంలో ఒక్కో రకం పక్షిని ముందుగా చూసినవాళ్ళది బోణీ. కొట్టు తెరవగానే వచ్చే మొదటి బేరానికి మనవాళ్ళిచ్చే మర్యాద తెలుసు కదా, అదే మర్యాద. మాస్టారి దగ్గర పొడుగాటి అట్టపుస్తకం ఒకటుంది. చెరువు మీద తాను చూసినవీ, ఏ పక్షికి ఎవరు బోణీ చేశారన్నదీ ప్రతిరోజూ అందులో నీలం సిరాతో రాస్తారు. ఒంట్లో బాగోలేక మంచం దిగని రోజున కూడా "జ్వరం. కిటికీలోంచి గోరువంకలు రెండు" అని రాసిన మనిషి.

ఆ పుస్తకంలో నా పేరు లేదు. నాలుగు చలికాలాలు గడిచినా లేదు. పాతపట్నంలో ఎరువుల కొట్టు నడిపే పెద్దమనిషి యూరియా బస్తాలు దింపిస్తూనే పరజ బాతులకి బోణీ చేసేశాడు. శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం చేసే మా బావ, అంటే మా అక్క మొగుడు, కార్తీక మాసంలో శ్రీముఖలింగం దర్శనానికి వెళ్ళి వంశధార ఇసకలో బాపన బాతుల జంటని పట్టేశాడు. ఆయనకి కెమెరా ఉంది. దాని లెన్సు పొడుగు చూస్తే ఆటోలో దానికి వేరే సీటు అడుగుతారు. అదే శ్రీముఖలింగానికి నేను ముందువారమే వెళ్ళాను. నాకు గుడి బయట ఎడమకాలి చెప్పు పోయింది.

"మీ బావకి ఈ ఏడు ఇది ఐదో బోణీ అంట," అని మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అనేది. అందులో ఎత్తిపొడుపేమీ లేదన్నట్టు ముఖం పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

మాస్టారికి మాత్రం ఈ బోణీల యావ లేదు. ఆయన కోరిక ఒక్కటే, చారల బాతు. తెల్లటి తల మీద రెండు నల్ల చారలుంటాయి. హిమాలయాలు దాటి ఎగిరొస్తుంది. ఒడిశాలో చిలికా సరస్సు దాకా మందలు మందలుగా వస్తుంది, మన వైపు మాత్రం తొంగిచూడదు. "చిలికా దాకా వచ్చినదానికి ఇంకో నాలుగు రెక్కలూపులు బరువేట్రా? మన పెద్ద చెరువు ఏటి తక్కువైనాది?" అని ప్రతి డిసెంబరులోనూ ఆయన దాని మీద అలిగేవారు. కిందటి శ్రావణంలో ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమకన్ను అప్పటికే వెలుగు తప్ప ఏమీ పట్టదు. కట్టు విప్పిన రోజు మా ఇంటికొచ్చి, "ఇంక ఈ ఒక్క కన్నేరా నాకున్నాది. ఇది నిలబడితే సెరువు, లేదంటే అరుగు," అన్నారు. ఆయన ఏనాడూ అరుగు మీద కూర్చునే మనిషి కాదు.

డిసెంబరులో ఒకనాటి ఉదయం. ఒడిశా కొండల వైపు నుంచి మంచు దిగి వీధి చివర కొళాయి కూడా కనబడటం లేదు. నేను దుప్పట్లో ఉన్నాను. ఫోను చూస్తే మా బావ ఆరో బోణీ. దాని కింద చప్పట్లు, దండాలు, "మీ కళ్ళు సామాన్యమైనవి కావండీ" అని పాతపట్నం వారి ప్రశంస. నాకు ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. లేచి చెరువుకి వెళ్ళేంత పౌరుషం కాదు, పడుకునే ఉండి బొటనవేలు ఆడించేంత పౌరుషం. ఇలా కొట్టాను: "చారల బాతు. ఒకటి. పెద్ద చెరువు, తూము పక్క తుంగలో. మంచు వల్ల ఫొటో రాలేదు."

ఆ ఆఖరి వాక్యం చూసుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను. చప్పట్లు వర్షంలా కురిశాయి. మా బావ "వెల్ డన్ బామ్మర్దీ" అన్నాడు. నేను మళ్ళీ ముసుగు తన్నాను.

అరగంట తిరక్కుండా వీధి గుమ్మంలో సైకిలు గంట. మాస్టారు. మెళ్ళో బైనాక్యులర్స్, తలకి మఫ్లరు, ముఖం నిండా సంతోషం. "లెగరా, ఎక్కడ సూసేవో సూపించు!" అన్నారు. నేను పళ్ళు కూడా తోముకోకుండా గట్టు మీదికి వెళ్ళి నిలబడి, మంచులోకి వేలు పెట్టి, "అదిగో, అక్కడేనండి," అన్నాను. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. ఆయన ఎనిమిదిన్నర దాకా కళ్ళు చిట్లించి చూశారు. "ఎగిరిపోయినట్టున్నాది. నువ్వు అదృష్టవంతుడివిరా," అని నా భుజం తట్టారు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆయన పుస్తకం తీసి నా పేరు రాస్తుంటే, సిగ్గులేకుండా ఇంటిపేరు కూడా వెయ్యమన్నాను.

ఆదివారం మా బావ కెమెరాతో దిగాడు. మాస్టారి పక్కన నిలబడి పది నిమిషాలు కాకుండానే "అదిగో! తుంగ వెనకాల!" అని టపటపా నొక్కాడు. గ్రూపులో పెట్టిన ఫొటోలో బూడిదరంగులో ఏదో ఉంది. బాతు కావచ్చు, బోర్లించిన బిందె కావచ్చు. "తల మీద చారలు స్పష్టంగా ఉన్నాయి," అన్నారు చూసినవాళ్ళు. మర్నాడు పాతపట్నం ఆయన తమ చెరువులో రెండున్నాయన్నాడు. ఆ రెండింటినీ ఆయన ఈనాటికీ వదులుకోలేదు. ఆ వారం తిరిగేసరికి నేను దుప్పట్లో పుట్టించిన ఒక్క బాతూ రెండు జిల్లాల్లో సంతానాన్ని వృద్ధి చేసుకుంది.

మమ్మల్ని మరీ అంత తిట్టుకోనక్కర్లేదు. మా పెంపకమే అది. పెళ్ళిలో పురోహితుడు పట్టపగలు పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, మండే ఆకాశంలోకి వేలు చూపించి, "అదిగో అరుంధతి, కనబడిందా నాయనా?" అంటాడు. పెళ్ళికొడుకు "ఆఁ, కనబడిందండీ," అంటాడు. పెళ్ళికూతురు తలూపుతుంది. వెనకాల నిలబడ్డ చుట్టాలక్కూడా కనబడుతుంది. లేదన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అలాంటివాళ్ళకి ఒక బాతు కనబడటం ఎంత పని?

ఒక్క మాస్టారే దీనికి పనికిరాలేదు. రోజూ ఎనిమిదిన్నరకి ఆయన మెసేజి వచ్చేది: "పెద్ద చెరువు. చారల బాతు నాకు కనబడలేదు." మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే. గ్రూపులో ఎవరైనా కనబడలేదని పెట్టడం అదే మొదలు. ఏం బదులివ్వాలో తెలీక జనం ప్రసాదం తీసుకున్నట్టు భక్తిగా ఒక దండం బొమ్మ పెట్టేవారు. నేను అదీ పెట్టలేదు. ఆఫీసులో సర్వే పనని చెప్పి చెరువు వైపు వెళ్ళడం మానేశాను. ఎదురైతే మాట్లాడాల్సి వస్తుందని బజారుకి కూడా చుట్టుదారిన వెళ్ళేవాణ్ణి.

ఆయన విజయనగరం వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నారని ఎవరో చెప్పారు. కన్ను భేషుగ్గా ఉందన్నాడట డాక్టరు. అమ్మయ్య అనుకున్నాను.

సంక్రాంతి నెల పట్టాక ఒక ఆదివారం పొద్దు బాగా ఎక్కాక మాస్టారు మా ఇంటికొచ్చారు. సైకిలు లేదు, నడిచొచ్చారు. చేతిసంచీలోంచి అట్టపుస్తకం, బైనాక్యులర్స్ తీసి బల్ల మీద పెట్టారు. మా ఆవిడ ఇచ్చిన చోడి అంబలి గ్లాసు పక్కన పెట్టి, "ఇయి నువ్వుంచుకోరా. ఇకమీదట నువ్వు రాయి," అన్నారు.

"అదేంటి మాస్టారూ?"

"ఇంకేటి సెప్పమంటావు? మీ బావ నా పక్కనే నిలబడి సూసేడు. నువ్వు సూసేవు. పాతపట్నంలోనూ సూసేరు. నాకే కనబడ్డంలేదు. డాక్టరు బాగున్నాదంటాడు. కోసినోడు బాగోలేదని అంటాడేటి? కన్ను పోతన్నాదిరా. సెరువు మీద నా రోజులైపోనాయి."

ఆయన గొంతులో బాధ కూడా లేదు. పరీక్ష తప్పిన కుర్రాడి మార్కులు చదివినట్టు చెప్పారు. బైనాక్యులర్స్ తాడు సవరిస్తూ కూర్చున్నాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ మాట వచ్చింది.

"మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

నేను తాడుకి లేని చిక్కు విప్పుతున్నాను.

"ఆ రోజు ఈయన మంచం దిగితే కదా మాస్టారూ బాతుని సూడ్డానికి! పడుకునే రాసేరు. మా పెళ్ళిలో అరుంధతి కూడా ఈయనకి ఇలాగే కనబడిపోనాది. నాను మటుకు కనబళ్ళేదని సెప్పేను, మా అమ్మ నా తొడ మీద గిల్లింది."

మాస్టారు నా వైపు తిరిగారు. "నిజమేట్రా?"

"నిజమేనండి. బాతు లేదు. ఎప్పుడూ లేదు."

కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండును. ఆయన కుర్చీలోంచి లేచి, ఎడమకంటిని అరచేత్తో మూసి, గదికి ఆ చివర గోడ మీదున్న క్యాలెండరు వైపు చూశారు. "పుష్య బహుళ తదియ," అని చదివారు. "రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు." ఇంకా చిన్న అక్షరాల్లో ఉన్న, క్యాలెండరు ఇచ్చిన కొట్టు చిరునామాతో సహా, కింద ప్రెస్సు పేరు దాకా గడగడా చదివేశారు. చదివి పగలబడి నవ్వారు. "బాగున్నాదిరా! నా కన్ను బాగున్నాది! డాక్టర్ని అనవసరంగా తిట్టుకున్నాను కదరా, పాపం!" అంటూ మా ఆవిణ్ణి కేకేసి అంబలి మళ్ళీ పోయించుకుని తాగారు. నాకు ఏడుపొచ్చింది. నన్ను తిట్టడం ఆయనకి గుర్తే రాలేదు.

ఆ ఉత్సాహంతోనే పుస్తకం దగ్గరికి లాక్కుని తెరిచారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. నవ్వు తగ్గిపోయింది.

నేను వంగి చూశాను. నా బోణీ రాసిన రోజు తరవాత ప్రతిరోజూ ఆయన చూసినవి రాసి ఉన్నాయి. పరజలు అరవై. డేగ ఒకటి. సూదితోక బాతులు పన్నెండు. రాసిన ప్రతి లైనూ అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో "నమ్మకం లేదు" అని ఉంది. మూడు వారాలకి పైగా అవే గీతలు.

"బాతు కనబడని కన్నుతో సూసినవి కదా, ఇవీ తప్పే అయ్యుంటాయని కొట్టేసేనురా," అన్నారు. వేలు సూదితోక బాతుల దగ్గర ఆగింది. "ఇవి పన్నెండేనా? గురువారం నాడు. మన సెరువుకి అవొచ్చి ఎన్నేళ్ళయినాదో తెలుసా? నువ్వేటైనా సూసేవా ఆ రోజు?"

"లేదు మాస్టారూ. ఆ రోజుల్లో నేను చెరువుకే రాలేదు."

"ఇంకెవరైనా?"

ఎవరూ వెళ్ళలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. గ్రూపంతా లేని బాతుని చూస్తూ ఇళ్ళల్లో ఉండిపోయింది. పన్నెండు బాతులు వచ్చి వెళ్ళాయి. వాటిని చూసిన ఒక్క మనిషీ తన చేత్తో తనే కొట్టేసుకున్నాడు. పేజీలు వెనక్కి తిప్పితే, ఇంటిపేరుతో సహా నా చారల బాతు మాత్రం ఏ గీతా లేకుండా నీలంగా, శుభ్రంగా ఉంది.

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టారు. "కొట్టు," అన్నారు.

నేను నా పేరు మీద గీత గీశాను.

"అంత సన్నంగా గీస్తే ఎలాగరా? నీ పేరు నాకింకా కనబడతన్నాది. గట్టిగా కొట్టు."

గట్టిగా కొట్టాను.