తాళాలాయన టాక్సీ

ఆయన్ని వీధిలో అందరూ తాళాలాయన అంటారు. నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి చప్పుడు ఆయనకంటే ముందే మలుపు తిరిగేది. గేటుకో తాళం, కారు షెడ్డుకో తాళం, ఆఖరికి పెరట్లో నీళ్ల బకెట్టుకూ గొలుసూ తాళమూ. బకెట్టు ఎత్తుకుపోయి ఎవడు బాగుపడతాడయ్యా అంటే, అన్నవాణ్ణి ఎగాదిగా చూసే రకం.

మనిషి చెడ్డవాడు కాడు. పాత టాక్సీ ఒకటి పెట్టుకుని ఏళ్ల తరబడి రోగుల్ని ఆసుపత్రికీ, ప్రయాణికుల్ని స్టేషనుకీ చేరవేశాడు. ఎవర్నీ దారిలో వదిలేసి ఎరగడు. కాకపోతే పాలు పోసేవాడి చేతివంక చూడకుండా ఉండలేడు. పెళ్లి కుదిరిన కొత్తలో, ఈ పిల్ల ఇంత తక్కువ మాట్లాడుతోందేమిటని అనుమానపడ్డాడట. ఆ అనుమానం మాత్రం పెళ్లయ్యాక ఆవిడ నిలువునా తీర్చేసింది.

ఆవిడ తమ్ముడు బ్యాటరీల దుకాణంలో పనివాడు. షెడ్డు పక్క గదిలోనే ఉంటాడు. షెడ్డు రెండో తాళంచెవి వాడి దగ్గరుంది. గుత్తిలోంచి బయటికి పోయిన తాళంచెవి అదొక్కటే, అదీ పెళ్లాం పోరు పడలేక.

చలి ముదిరిన ఒక పొద్దున టాక్సీ మొరాయించింది. సెల్ఫ్ కొడితే కటక్కుమని ఊరుకుంది. లైట్లు నీరసంగా మిణుకుమన్నాయి. బావమరిది బానెట్ ఎత్తి చూశాడు. బ్యాటరీ టెర్మినళ్ల మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పెచ్చు. వైర్లు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి, పాత బ్రష్షుతో రుద్ది శుభ్రం చేశాడు. దుకాణానికి తీసుకెళ్లి నిండా చార్జింగ్ పెట్టి తెచ్చాడు.

"బ్యాటరీ బాగానే ఉంది బావా. చలికి దాని సత్తువ తగ్గుతుంది, ఇంజనాయిలేమో చిక్కబడుతుంది. అందుకే పొద్దున్నే ఏడిపిస్తుంది."

"కొత్తది కొనమనవేం?"

"అక్కర్లేదు గనక."

అక్కడ పట్టుకుంది ఆయనకు అనుమానం. బ్యాటరీలు అమ్మే చోట పనిచేస్తూ వద్దంటాడా? వీడి కన్ను బ్యాటరీ మీద కాదు, బండి మీదే ఉంది! రాత్రిళ్లు ఎక్కి తిప్పుతున్నాడో, లోపల కూర్చుని పాటలే వింటున్నాడో, డిక్కీలో ఏ సామానే దాస్తున్నాడో. ఆ సాయంత్రం డిక్కీ మూస్తూ అంచున ఒక గుడ్డముక్క మడిచి ఇరికించాడు. ఎవరైనా డిక్కీ తెరిస్తే అది కింద పడాలి, దొంగ దొరకాలి. ఆ సంగతి కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

తెల్లారితే మళ్లీ కటక్. గుడ్డ మాత్రం పెట్టిన చోటే ఉంది. వేరే మనిషైతే అక్కడితో ఊరుకునేవాడు. ఈయన మాత్రం, 'తీసి మళ్లీ పెట్టాడన్నమాట, ఎంత తెలివి!' అనుకున్నాడు. ఆ సాయంత్రం గుడ్డను ఇంకో మడత వేసి పెట్టాడు.

అలా వరసగా జరిగింది. పగలు చార్జింగ్, పొద్దున కటక్. చివరికి రోజూ ఆసుపత్రికి తీసుకెళ్లే పెద్దాయన విసిగిపోయి వేరే బండి పిలిపించుకున్నాడు. తాళాలాయన ముఖం నల్లబడింది.

"ఇవాళే మీ తమ్ముడు గది ఖాళీ చెయ్యాలి," అన్నాడు పెళ్లాంతో.

"వాడేం చేశాడండీ? మీ కళ్లతో చూశారా?"

"చూస్తే ఇన్నాళ్లు ఊరుకుంటానా? చూడలేదు గనకే అనుమానం!"

ఆ మాట గోడ అవతలికి వినబడనే వినబడింది. బావమరిది రేకుపెట్టె పట్టుకుని షెడ్డు దగ్గరికొచ్చాడు.

"పోతాను బావా. దొంగననిపించుకుని మాత్రం పోను. నేను బండి ముట్టుకోను. చెప్తాను, నువ్వే చూడు." చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "నెగెటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య ఈ చిన్న బల్బు పెట్టు. అన్నీ ఆపేసి ఉంటే బల్బు వెలగకూడదు. వెలిగిందా, ఏదో కరెంటు తాగుతోందన్నట్టే."

బల్బు వెలిగింది.

"చూశావా! తాగుతోంది!" దొంగ జుట్టు దొరికినట్టు అరిచాడు తాళాలాయన.

"ఇప్పుడు ఫ్యూజులు ఒక్కోటే తీస్తూ పో."

తీస్తూ పోతే ఒకచోట బల్బు ఆరింది. అది లోపలి లైట్ల ఫ్యూజు. దాన్ని తిరిగి పెట్టి, వైరు బిగించి, బండి చుట్టూ తిరిగి అద్దాల్లోంచి చూశాడు. లోపలంతా చీకటే. ఆయన కళ్లు మళ్లీ బావమరిది మీదికి తిరిగాయి.

అప్పుడు బండి వెనక నిలబడ్డ ఆవిడ అంది: "ఈ డిక్కీ సందులో వెలుతురేమిటండీ?"

ఆవిడ ఆ గుడ్డ లాగి విప్పింది. "ఇది నా పాత చీర ముక్క కాదూ? ఇక్కడికెలా వచ్చింది?"

తాళాలాయన డిక్కీ అదిమాడు. గుడ్డ అడ్డం లేకపోయేసరికి టక్కుమని పూర్తిగా పడింది. సందులో వెలుతురు ఆరిపోయింది.

బావమరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎండాకాలమైతే ఆ డిక్కీ దీపం తెల్లార్లూ వెలిగినా బండి కదిలేదేమో బావా. ఈ చలిలో ఎక్కడ!" అని పెట్టె అందుకోబోయాడు. "వేరే చోట గది మాట్లాడుకున్నాలే. వస్తా అక్కా."

ఆవిడ మొగుడి వంక చూసిన చూపుకు బ్యాటరీ లేకుండానే బండి స్టార్టయ్యేది. తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. క్షమించమనే మాట ఆయన నోట పుట్టనే లేదు, ఇప్పుడు మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది? వంగి పెట్టె తనే ఎత్తి, వాడి గదివైపు నడిచాడు.

సగం దారిలో ఆగాడు. "ఏముందిరా ఇందులో, ఇంత బరువుంది?"

"ఏమండీ!"

"ఊరికే అడిగానే."

"తెరిచి చూసుకో బావా. దానికి తాళం లేదు."

ఆయన తెరవలేదు. మంచం కింద పెట్టేముందు ఒక్కసారి కదిపి, చప్పుడు మాత్రం విన్నాడు.