అర్చన రాగంలో చాయ్

పక్షవాతం వచ్చి మా బాపుకు మాట పడిపోయినప్పుడు ఒకే ఒక్క మాట మిగిలింది. "గదే." చాయ్ కావాలన్నా గదే, ఫ్యాన్ ఆపమన్నా గదే, నా మీద కోపమొచ్చినా గదే. ఛత్రినాకలో మా గల్లీ చివర ఉన్న అమ్మవారి గుడిలో నలభై ఏళ్లు అర్చకత్వం చేసిన మనిషి. మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతులో ఇప్పుడు రెండక్షరాలు.

అమ్మ వారం తిరక్కుండా ఆ భాష నేర్చేసుకుంది. ఆయన "గదే" అంటే, "ఇప్పుడే తిన్నరు గద, మళ్లేంది?" అని ఈమె. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆఫీసులో పదిమందిని గదమాయించి పని చేయించే దాన్ని. ఇంటికొచ్చి గదేకు అర్థాలు వెతుక్కునే ఓపిక నాకెక్కడిది?

మెదడులో మాట ఉండే వైపు దెబ్బతిన్నదనీ, పాట ఉండే వైపు బాగానే ఉందనీ, పాట దారిన మాటను లాక్కురావచ్చనీ చెప్పి, డాక్టరు సంగీత చికిత్స రాసిచ్చాడు. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో రేడియో మోగితే బాపు అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. బోనాలకు డీజే పెట్టినోళ్లతో ఏటా లొల్లి పెట్టుకునేవాడు. అలాంటాయనకు పాటతో వైద్యమట.

చికిత్స చేసే అమ్మాయి వారానికి మూడు సాయంత్రాలు వచ్చేది. సంచిలో చిన్న స్పీకరు, చేతిలో ఒక ఫారం. మొదటి మూడు వారాలు వేణువు వినిపించింది. పది నిమిషాలకే బాపు గురక పెట్టేవాడు.

"నిద్ర మంచిదే ఆంటీ, బీపీ తగ్గుతది," అంది.

నిజంగానే తగ్గింది, కాకపోతే అమ్మకు. కింద కిరాణా దుకాణం సేఠ్ రోజూ పైకొచ్చి గడప దగ్గర కూర్చుని, "క్యా సుకూన్ హై అమ్మా, ఎంత హాయిగుంది, నా నడుం నొప్పి సగం పోయింది," అనేవాడు. వారం రోజులుగా ఎవరినీ తిట్టలేదేమని ఆఫీసులో నన్ను అనుమానంగా చూశారు. అందరికీ నయమవుతోంది, రోగికి తప్ప.

నాలుగో వారం ఆ అమ్మాయి నన్ను అడిగింది. "అంకుల్ ఇదివరకు ఏం పాడెటోళ్లక్కా?"

"ఏం పాడలే. పాడినోళ్లను తిట్టిండు."

"మరి గుళ్లె అర్చన చేసెటప్పుడు? మనం మాట్లాడినట్టే చెప్పెటోళ్లా?"

ఎందుకు మాట్లాడినట్టు చెబుతాడు? గోత్రం దగ్గర గొంతు దించేవాడు, పేరు దగ్గర ఎత్తి సాగదీసేవాడు. మనిషి నలభై ఏళ్లుగా పాడుతూనే ఉన్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు.

నాకొచ్చినట్టు ఆ రాగం తీసి చూపించాను. ఆ అమ్మాయి బాపు ఎడమ చేతిని పట్టుకుని మెల్లగా తాళం వేస్తూ, సంకల్పంలో మొదటి మాట అదే రాగంలో అందించింది. బాపు అందుకున్నాడు. మునిసిపాలిటీ నల్లా వచ్చినట్టు ముందు కొంచెం గరగర, తర్వాత ధార. ఒక్క తప్పు లేకుండా చివరిదాకా చెప్పి మా మొహాలు చూశాడు. "గదే," అన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ లోపలికి పోయింది.

అప్పటి నుంచి ఇంట్లో మాటలన్నీ ఆ రాగంలోకి ఎక్కించారు. "చాయ్" దగ్గర ఒక దీర్ఘం, చివర "సమర్పయామి". ఆ తోకను కత్తిరించాలని ఆ అమ్మాయి ఎంత చూసినా తెగలేదు. పప్పులో ఉప్పు లేదు సమర్పయామి. ఒకరోజు పాలాయన మెట్ల మీద చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు. లోపల బాపు అడుగుతున్నది స్నానానికి వేడినీళ్లు.

ప్రతి శనివారం ఫారంలో పది ప్రశ్నలు. రెండో నెలకు తొమ్మిదింటికి జవాబులొచ్చాయి. పదోది అమ్మను చూపించి అడిగేది. "అంకుల్, ఈమె పేరేంటి?" బాపు గోడవైపు తిరిగేవాడు. తాళం వేసినా అంతే, రాగం తీసినా అంతే. నా పేరు వచ్చింది, సేఠ్ పేరు వచ్చింది, అమ్మ దగ్గర సున్నా.

"భార్య పేరు రాకుంటె మంచిది కాదక్కా. డాక్టర్‌కు రాస్త," అంది ఆ అమ్మాయి. నాకు భయమేసింది. వంటింట్లోకి వెళ్లి అమ్మకు చెప్పాను.

అమ్మ గరిటె కింద పెట్టింది. "పిచ్చిదానా, మీ బాపు ఎన్నడన్న నన్ను పేరు పెట్టి పిలిచిండా? పెండ్లయినప్పటి సంది 'ఇగో' అనే గద. ఆయన పేరు నేననను, నా పేరు ఆయన అనడు."

మా ఇళ్లలో ఆ తరం వాళ్లంతా అంతే. నెల రోజులుగా ఆ పిల్ల రోగానికి కాదు, ఆచారానికి వైద్యం చేస్తోంది. నేను పగలబడి నవ్వాను. అమ్మా నవ్వింది, కానీ ఎక్కువసేపు కాదు.

"అయితే బిడ్డా, అనకూడదని అంటలేడా, యాదికి లేక అంటలేడా? సేఠ్ పేరు యాదికొచ్చె. ఆయన యాదిల నేనున్ననో లేనో నాకెట్ల తెల్వాలె?"

ఏడుపొచ్చింది. వెళ్లి ఉన్నదున్నట్టు ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె ఫారం పక్కన పెట్టి, "ఆంటీ పేరు మీద అర్చన చేయిస్తే?" అంది.

ఆ ఆలోచన మా ఎవరికీ రాలేదు. అర్చనలో ఎదుటి మనిషి పేరు తీయాల్సిందే, అక్కడ ఏ ఆచారమూ అడ్డురాదు. కానీ అమ్మ ఇన్నేళ్లలో ఆయన చేత తన పేరున అర్చన చేయించుకున్నది లేదు. ప్రసాదం వండి పంపింది, జనం వెనక నిలబడి హారతి కళ్లకద్దుకుంది.

శనివారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, కొబ్బరికాయ, పూలు పళ్లెంలో పెట్టుకుని మంచం ముందు కూర్చుంది. పళ్లెం చూడగానే బాపు నడుం నిటారైంది. సంకల్పం సాగింది. గోత్రం తనదే కనుక తనే చెప్పేసుకున్నాడు. పేరు దగ్గర ఆగి అమ్మ వైపు చూశాడు. భక్తులు చెబితే పంతులు అందుకోవడం పద్ధతి. అమ్మ చెప్పలేదు. నేను సైగ చేశాను. అయినా చెప్పలేదు. పెదవులు బిగించి ఆయన్నే చూస్తూ కూర్చుంది.

బాపు ఎడమ చెయ్యి మంచం మీద ఒకసారి తాళం వేసింది. ఇంకోసారి వేసింది. గడప దగ్గర కూర్చున్న సేఠ్ ఏదో అందించబోతే, నేను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

బాపు కళ్లు మూసుకుని గొంతు ఎత్తాడు. అమ్మ పూర్తి పేరు, నేను ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా చూడని పేరు, అక్షరం పొల్లుపోకుండా సాగదీసి చెప్పాడు. ఏమీ జరగనట్టే మిగతా అర్చన పూర్తి చేశాడు.

ఆ అమ్మాయి ఫారం తీసి, "కరెక్టేనా ఆంటీ?" అని అడిగింది.

అమ్మ కళ్లు తుడుచుకోలేదు. ఆయన మీంచి చూపు తిప్పలేదు.

"గదే," అంది.