పొగపెట్టిన నోటుబుక్కు

గని క్వార్టర్‌లో నాకు మొదట నచ్చింది పొగ లేకపోవడం. కొంటా దగ్గర మా ఊళ్లో కళ్లు మండుతుంటే కట్టెల పొయ్యి ఊదుతూ పెరిగిన దాన్ని. ఇక్కడ గ్యాసు, సిమెంటు కప్పు, తెల్లటి గోడలు. ఊరి నుంచి ఎవరొచ్చినా గోడలు తడిమి చూపించేదాన్ని. ఆ మురిపెం వానాకాలం దాకానే. వాన పట్టిందంటే కొండ మీది మబ్బు దిగొచ్చి మా ఇంట్లోనే కూర్చునేది. గోడలకు నల్ల మచ్చలు, చెప్పుల మీద తెల్ల నూగు, చింతపండు కుండలో పచ్చటి బొచ్చు. సున్నం కొడితే వారం తిరక్కుండా సున్నం మీదే బూజు.

అదంతా భరించాను. నా నోటుబుక్కు జోలికి వచ్చినప్పుడు మాత్రం భరించలేకపోయాను.

నలభై దాటాక అక్షరాలు దిద్దాను. మా క్వార్టర్ల లైన్లో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్పేది. పరీక్ష అంటే, నిండా రాసిన నోటుబుక్కు చూపించి, ఆమె తీసిన పేజీ చదవాలి. ఏడాదంతా పెన్సిలుతో రాశాను. బూజు పట్టకూడదని దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి పైన వేపాకు కప్పాను. మా అమ్మ ధాన్యంలో వేపాకు వేసేది. ఎండబెట్టి వేసేది. నేను వానలో తడిసిన కొమ్మ విరిచి తెచ్చి అలాగే పెట్టాను. అదీ నా తెలివి!

పరీక్ష మూడు రోజులుందనగా పెట్టె తెరిస్తే పుస్తకం నిండా బూజు, కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. అప్పుడే డ్యూటీ దిగిన మా ఆయన, కనుబొమల దాకా ఎర్రటి దుమ్ముతో తొంగిచూశాడు.

“ఏందే, నీ అక్షరాలకు గడ్డాలు మొలిచినయ్!”

“నవ్వినవంటే ఇయ్యాల అన్నం లేదు.”

“కొత్తది కొనుక్కొని రాసుకో మల్ల.”

“ఏడాది రాసింది మూడు దినాల్ల రాయమంటవా?”

ఆయన ఆరబెడతానని పుస్తకాన్ని గ్యాసు మంట మీద పట్టాడు. అట్ట మూల భగ్గుమంది. లాక్కుని, చంకలో పెట్టుకుని, వానలోనే పరుగెత్తాను.

మా లైన్‌కు దిగువన గుడిసెలో దోర్ల తెగ ఆవిడ ఒకామె ఉండేది. మాకు పుట్టగొడుగులు తెచ్చి అమ్మేది. బూజు సంగతి ఆవిడకే తెలుస్తుందని అక్కడికే పోయాను. పుస్తకం తిప్పి చూసి, అంటుకున్న వేపాకు గోటితో లాగింది.

“పచ్చాకు పెట్టినవా అక్కా? పుస్తకంతోని కూర వండినవా?”

నవ్వుతూనే పైకి చూపించింది. పొయ్యి మీద వెదురు తడక. దాని మీద పైఏటికి దాచిన విత్తనాలు, మొక్కజొన్న కంకులు, బుట్టలు. అన్నీ పొగకు నల్లబడ్డాయి. బూజు నలుసంత లేదు. అచ్చం మా అమ్మ ఇల్లే! ఇన్నేళ్లూ నేను తిట్టిపోసిన పొగే ఆ ఇంటిని కాపాడిందన్నమాట. నాకు గంతెయ్యాలనిపించింది.

ముక్కుకు కొంగు కట్టుకుని, గుమ్మం బయట బూజు దులిపాను. చీపురుపుల్లతో ఒక్కో కాగితం విడదీసి తడక మీద పరిచాను. రెండు రోజులు ఇంటికీ గుడిసెకూ ఒకటే పరుగులు, దోసె తిప్పినట్టు పేజీలు తిప్పడానికి.

“దించకక్కా, ఇంకా ఉడకలె!” అని ఆవిడ వెక్కిరింపు.

మూడో రోజుకు కాగితాలు అప్పడాల్లా గలగలలాడాయి. గోధుమ రంగు తిరిగాయి గానీ అక్షరాలు చెక్కు చెదరలేదు.

టీచరమ్మ పుస్తకం తెరిచి ముక్కు మూసుకుంది. “ఎండు చేపల బుట్టలో దాచావా అమ్మా?”

“వాసన సంగతి తర్వాత. ఏ పేజీ చదవాలో చెప్పండి.”

ఆమె తీసిన పేజీ నేను మొదట్లో, వానలు పట్టకముందు సొంతంగా రాసినది. గట్టిగా చదివాను. “మా క్వార్టర్లో పొగ లేదు. గోడలు తెల్లగా ఉన్నాయి. మా ఇల్లు చాలా మంచి ఇల్లు.”

“ఒక్క తప్పు లేకుండా చదివావు. పాసయ్యావు, కూర్చో.”

నేను కూర్చోలేదు. అక్షరాల్లో కాదు, రాసిన మాటల్లో తప్పులున్నాయి, దిద్దుతానని పెన్సిలు అడిగాను.